తపాలా బిళ్ళంత వస్తువు కోసం బెజవాడ

బెజవాడకు వచ్చేవారు సాధారణంగా పెద్ద పెద్ద వాటికోసమే వస్తారు. కొండమీద కనకదుర్గమ్మవారు, కొండ అడుగున కృష్ణానది, నదికి అడ్డంగా 1,200 మీటర్లకు పైగా పొడుగున్న ప్రకాశం బ్యారేజి, నాలుగు దిక్కులకూ రైళ్ళను పంచిపెట్టే జంక్షను, ఆటోనగరులో బారులు తీరిన లారీలు; వేసవిలో అయితే వీటన్నిటికంటె పెద్దది ఆ ఎండ! అట్లాంటి ఊరికి నేనూ, మా మేనకోడలూ కలిసి 22 మిల్లీమీటర్ల వెడల్పూ 30 మిల్లీమీటర్ల పొడవూ వున్న ఒక వస్తువును వెతుక్కుంటూ వెళ్ళాము. తపాలా బిళ్ళకంటె మరీ పెద్దది కాదు. దాన్ని వైఫై కార్డు అంటారు. గాలిలో వచ్చే ఇంటర్నెట్టును పట్టి కంప్యూటరుకు అందించడం దాని పని.

అది బెజవాడలో దొరకదా అంటే వందలు దొరుకుతాయి. అయితే మాకు కావలసిన కార్డుకు ఒక్క లక్షణం వుండాలి. అది లినక్స్‌తో మాట్లాడాలి. ఆ ఒక్క లక్షణం కోసం మాకు పొద్దుటినుంచి సాయంత్రం దాకా పట్టింది.

ముందు కారణం చెప్పాలి. మా చెల్లెలి కూతురు గుడివాడలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నది. ఉండేది కైకలూరు దగ్గర పల్లె. మా బావగారు చేపల చెరువుల మీద గుమాస్తాగా పనిచేస్తారు. ఆ ఇంట్లో ఒక ల్యాప్‌టాప్ వుంది. అమ్మాయి అన్నగారు ఇంజనీరింగు చదివే రోజుల్లో, 2017లో, కొన్నది. అతను ఉద్యోగానికి పోతూ దాన్ని చెల్లెలికి వదిలిపెట్టాడు. మనిషి ఆరోగ్యం లాగా యంత్రమూ నిక్షేపంగా వుంది. తెర చెక్కుచెదరలేదు, మీటలు అరగలేదు. కాని అందులో నడిచేది విండోస్ 10. దానికి భద్రతా సవరణలు పంపడం 2025 అక్టోబరు 14తో ఆపివేస్తామని మైక్రోసాఫ్టు ముందే చెప్పి, ఆ తేదీకి ఆపివేసింది. కొన్ని షరతుల మీద మరొక ఏడాది గడువు ఇవ్వజూపారు గాని, గడువు గడువే గదా! విండోస్ 11 వేసుకుందామంటే అది ప్రాసెసరు వయస్సు అడుగుతుంది. 2017 నాటి యంత్రాలు దాదాపు అన్నీ ఆ గీతకు అవతలే ఆగిపోయాయి. వెరసి, ఏ జబ్బూ లేని యంత్రం ఒక తేదీ రావడంతోటే ముసలిదైపోయింది.

ఇట్లాంటి యంత్రాలను మళ్ళీ పనిలో పెట్టడానికి ఒక దారి వుంది. లినక్స్ అన్నది ఎవరి సొత్తూ కాని ఆపరేటింగ్ సిస్టము. సాఫ్ట్‌వేర్ మూలాన్ని అందరూ చదువుకొని, దిద్దుకొని, పంచుకోవాలని అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1983లో ఒక ఉద్యమం మొదలుపెట్టాడు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అందుకు సరిపడిన గుండెకాయను, అంటే కెర్నెల్‌ను, రాసి లోకానికి ఇచ్చాడు. తెలుగుదేశంలో 2005 నుంచి స్వేచ్ఛ అనే సంస్థ ఈ పని చేస్తున్నది. మా అమ్మాయి కాలేజీలో పై తరగతి పిల్లలు నలుగురు చేరి, ఆ ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్‌ను ఒక పూటలో ఎక్కించారు. డెబియన్ భండారంలో పోతన, వేమన అనే తెలుగు అక్షరాల ఖతులు వున్నాయని తెలిసి, తెలుగు పాఠాలు చెప్పుకొనే నావంటివాడికి ప్రాణం లేచివచ్చింది.

అంతా బాగానే వుంది. ఒక్క వైఫై మాత్రం లేదు. చుట్టుపక్కల కనెక్షన్ల పేర్లు రావలసిన చోట తెర తెల్లగా వుంది. తీగెతో కలుపుదామంటే ఆ పల్చటి ల్యాప్‌టాప్‌కు తీగె దూర్చే బెజ్జమే లేదు. సెల్‌ఫోనును యూఎస్‌బీ తీగెతో తగిలిస్తే ఇంటర్నెట్టు వస్తుంది. ఈ చిట్కా ఎవరికైనా పనికివచ్చేదే. కాని ఆ ఇంట్లో పనికివచ్చే ఫోను బావగారిది ఒక్కటే. ఆయన చెరువుల నుంచి ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. అప్పటినుంచే అమ్మాయి చదువు. ఇట్లా నెల గడిచింది. రాబోయే సోమవారం నుంచి రెండు నెలల ఇంటర్న్‌షిప్పు, అదీ పగటిపూట, ఆన్‌లైనులో. కొత్త ల్యాప్‌టాప్ కొనాలంటే బావగారి రెండు నెలల జీతం చాలదు. సంక్రాంతి వెళ్ళిన వారంలో మేము బెజవాడ బయలుదేరడానికి ఇదీ కారణం.

బండి గుడివాడ దాటగానే కోసిన వరిమళ్ళలో మినుము పచ్చగా పరుచుకొని కనిపించింది. ఇందుపల్లి, ఉప్పలూరు, నిడమానూరు ఒకటొకటిగా వెనక్కి పోతుండగా నేను అడిగాను:

"అసలు ఆ కార్డుకు వచ్చిన రోగమేమిటమ్మా?"

"రోగమేమీ లేదు మామయ్యా. దానికి దుబాసీ లేడు."

ఈ దుబాసీ అన్న మాట నా దగ్గర నేర్చుకున్నదే. కుంఫిణీ కాలంలో దొరకూ రైతుకూ మధ్య రెండు భాషలు వచ్చినవాడు ఒకడు వుండేవాడు గదా, అట్లా ఆపరేటింగ్ సిస్టముకూ కార్డుకూ మధ్య మాటలు చేరవేసేదాన్ని డ్రైవరు అంటారట. ఒక్కొక్క చిప్పుది ఒక్కొక్క భాష. ఆ భాష ఏమిటో తయారుచేసిన కంపెనీ చెబితే ఎవరైనా డ్రైవరు రాయవచ్చు. చెప్పకుండా, విండోసుకు మాత్రం తానే డ్రైవరు రాసి, దాన్ని మూటకట్టి ఇస్తే తక్కినవాళ్ళకు దారి లేదు. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లోది అట్లాంటి కార్డు.

ఆ సంగతి ఎట్లా కనిపెట్టిందో కూడా చెప్పింది. లినక్స్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ అని ఒక ఆజ్ఞ వుంది. అది యంత్రంలో వున్న భాగాలన్నిటినీ పిలిచి హాజరు పట్టీ చదువుతుంది. ఒక్కొక్క భాగానికి రెండేసి సంఖ్యలు. మొదటిది కంపెనీది, రెండవది ఆ చిప్పుది. అంటే ఇంటిపేరు, పేరు అన్నమాట! ఇంటెల్ కంపెనీ ఇంటిపేరు 8086. 1978లో వాళ్ళు తయారుచేసిన ప్రాసెసరు పేరూ అదే. పూర్వుల పేరు ఇంటిపేరుగా నిలిచిపోవడం మనకొక్కరికే వున్న ఆచారం కాదు కాబోలు! ఈ రెండు సంఖ్యలూ తెలిస్తే ఆ చిప్పుకు లినక్స్‌లో దుబాసీ వున్నాడో లేడో నిమిషంలో తెలిసిపోతుంది. అట్టపెట్టె మీద ఎంత పెద్ద పేరు అచ్చువేసినా అది మారుపేరే సుమా!

ఈ మాట బెజవాడలో దిగేసరికి నాకు బాగా అర్థమయింది. ఈ ఊళ్ళో ప్రతిదానికీ రెండు పేర్లు. ఊరికే రెండు పేర్లు. బందరు రోడ్డు కాగితాల మీద మహాత్మాగాంధీ రోడ్డు, ఏలూరు రోడ్డు కార్ల్ మార్క్స్ రోడ్డు. ఆటో ఎక్కి కార్ల్ మార్క్స్ రోడ్డు పోనిమ్మంటే కుర్ర డ్రైవరు ఒక్కక్షణం ఆలోచిస్తాడు. బందరు, ఏలూరు, రైవస్ అని మూడు కాలవలు ఊరి నడుమనుంచి పోతాయి. ఏ వైపు నడిచినా ఎక్కడో ఒకచోట వంతెన దాటవలసిందే.

గాంధీనగరం, గవర్నరుపేట వైపు కంప్యూటర్ల దుకాణాలు కనిపిస్తాయి. మొదట ఎక్కిన దుకాణం అద్దాలతో దేదీప్యమానంగా వుంది. మేము నోరు విప్పేలోగానే కుర్రవాడొకడు గోరంత పరికరం వున్న అట్టపెట్టె మా ముందు పెట్టాడు.

"డాంగిల్ తీసుకోండి సార్. పక్కన గుచ్చితే చాలు, వైఫై వచ్చేస్తుంది."

"లినక్స్‌లో కూడానా అండీ?" అంది అమ్మాయి.

"రాసే వుందండీ, చూడండి."

నిజంగానే పెట్టె వెనక లినక్స్ అని రాసివుంది. అమ్మాయి ఆ చిన్న అక్షరాలను ఫోను దీపం వేసి చదివింది. ఆ మాట పక్కనే కెర్నెల్ 2.6 నుంచి మూడో వరస దాకా అని వుంది. ఆమె యంత్రంలో నడిచేది 6.12. మధ్య పదేళ్ళకు మించిన దూరం. పైగా డ్రైవరు చిన్న సీడీ మీద ఇచ్చారు. ఆ సీడీ పెట్టే అర ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కడుంది? నాయనమ్మ పెళ్ళినాటి శుభలేఖ చూపి రేపటి పెళ్ళి భోజనానికి రమ్మన్నట్టుంది!

రెండవ దుకాణం యజమాని పెద్దవారు, మర్యాదస్తులు. నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, అమ్మాయి ప్రశ్న సాంతం విన్నారు.

"లోపల ఏ చిప్పు వుందో మాకు ఎట్లా తెలుస్తుందమ్మా? పెట్టె విప్పితే పైవాళ్ళు వాపసు తీసుకోరు. వాళ్ళు మాకు చెప్పేది ధర ఒక్కటే."

ఆయన్ని అనవలసింది ఏమీ లేదు. పెట్టె మీద చిప్పు పేరు వేసే ఆచారం చాలామందికి లేదు. ఒకే పేరుతో, ఒకే రూపంతో అమ్మే వస్తువులో లోపలి చిప్పు మారిపోవడం ఈ వ్యాపారంలో మామూలే. టీపీ-లింక్ వారి 722ఎన్ అనే యూఎస్‌బీ పరికరం సంగతి లినక్స్ వాడేవాళ్ళలో అందరికీ తెలిసిందే. మొదటి కూర్పులో ఎథెరోస్ 9271 చిప్పు వుండేది. లినక్స్‌కు అది ఆప్తమిత్రుడు. రెండవ కూర్పు నుంచి లోపల రియల్‌టెక్ చిప్పు వచ్చింది. పేరు అదే, తోక కూడా అదే! అడుగున చీటీ మీద కూర్పు సంఖ్య చూస్తేగాని తేడా తెలియదు. పుస్తకానికి ముద్రణ సంవత్సరం చూడకుండా పాఠాంతరాల గొడవలోకి దిగవద్దని మా గురువుగారు చెప్పేవారు. ఆ నీతి కంప్యూటరు బజారులోనూ వర్తిస్తుందన్నమాట.

మూడవచోట లోపల అమర్చే కార్డే చూపించారు. ఇంటెల్ కంపెనీది, కొత్తది. నేను సంతోషించి డబ్బు తీయబోయాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకొని ఆపింది. కార్డు మీద 9560 అని వుంది.

"ఇది వద్దు మామయ్యా. చూడటానికి అన్నీ ఒకటే లాగుంటాయి. దీని పని సగం కార్డులో వుంటే సగం ప్రాసెసరు వైపు వుంటుంది. 2017 తరవాత వచ్చిన ఇంటెల్ యంత్రాల్లో కొన్నిటికే సరిపోతుంది. మన దాంట్లో పెడితే సన్నాయి లేని డోలు."

లినక్స్‌తో స్నేహం వున్నా యంత్రంతో పొత్తు కుదరాలి. జాతకాలు రెండువైపులా చూడాలన్నది ఆవిడ తాత్పర్యం. అప్పటికి రెండు గంటలయింది. ఇద్దరికీ కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి.

గాంధీనగరం వెళ్ళినవాళ్ళు బాబాయి హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తినకుండా తిరిగిరావడం న్యాయం కాదు. ఆ ఇడ్లీల ముందు కూర్చొని నేను మళ్ళీ అడిగాను.

"కంపెనీ చెప్పకపోతే ఇక అంతేనా? మీవాళ్ళు చేతులు ముడుచుకొని కూర్చుంటారా?"

కూర్చోరట! ఒకప్పుడు బ్రాడ్‌కామ్ కంపెనీ చిప్పులకు లినక్స్‌లో డ్రైవరు వుండేది కాదు. కొందరు స్వచ్ఛందంగా కూడి, వేరే వ్యవస్థలకోసం కంపెనీ ఇచ్చిన డ్రైవరు ఆ చిప్పుతో ఏమేమి మాట్లాడుతున్నదో ఓపికగా గమనించారు. ఏ మాటకు ఏ జవాబు వస్తున్నదో ఒక జట్టు రాసిపెట్టింది. ఆ రాత చూసి మరొక జట్టు కొత్త డ్రైవరు రాసింది. 2005 చివర దాన్ని లోకానికి ప్రకటించారు. మరుసటి ఏడాది అది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. అటుతరవాత, 2010 సెప్టెంబరులో, ఆ కంపెనీయే తన కొత్త చిప్పులు కొన్నిటికి మూలం విప్పిన డ్రైవరు విడుదల చేసింది.

వింటుంటే నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు వచ్చారు. వాడుకభాష కోసం పోరాడిన పంతులుగారిని అందరం ఎరుగుదుము. పర్లాకిమిడి ప్రాంతపు కొండల్లో సవరలు మాట్లాడే భాషకు ఆనాడు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. నేర్పే బడి లేదు. తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకొని, ఒక్కొక్క మాటే విని, అడిగి, రాసుకొని, పంతులుగారు ఆ భాషను పట్టుకున్నారు. 1931లో దాని వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చులోకి వచ్చాయి. ఇంటింటా లినక్స్ కార్డులు పనిచేయించే ఈ అజ్ఞాత పండితులు చేసినది ఇంచుమించు అదే. తేడా అల్లా ఒకటి. సవరలు తమ భాషను ఎవరి దగ్గరా దాచలేదు, అడిగినవారే లేకపోయారు. ఇక్కడ అడిగేవారు వేలమంది వున్నా చెప్పేవారు లేరు.

హోటలు బయటికి వచ్చి కాలవ వంతెన మీద కాసేపు నిలబడ్డాము. జ్ఞానాన్ని దాచుకోకుండా పంచిపెట్టడం ఈ నేలకు కొత్తది కాదని అమ్మాయికి చెప్పాలనిపించింది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినది ఈ ఊళ్ళోనే, 1914లో. 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ వెంబడి నడిపించారు. పుస్తకం కోసం పాఠకుడు పట్నం రాలేకపోతే పుస్తకమే పడవెక్కి అతని రేవుకు వెళ్ళేది. పడవలో చదువుకునేవారి దగ్గర నీ ఇంట్లో ఏ దీపం వుంది, ఏ చాప మీద కూర్చుంటావు అని అడిగినవారు లేరు.

అమ్మాయి విని, "మా కెర్నెల్ కూడా అంతే మామయ్యా. ఒకసారి డ్రైవరు అందులో చేరిందా, ఇక ఎవరూ దానికోసం ఎక్కడికీ వెళ్ళక్కరలేదు. పడవ తనే రేవుకు వస్తుంది" అంది. ఆ మాటకు నాకు ముచ్చట వేసింది. కాని సోమవారం ముంచుకు వస్తున్నదే!

మాకు దారి చూపినది మూడవ దుకాణంలోని కుర్రవాడే. గవర్నరుపేటలో ఒక సందులో, మెట్ల కింద, పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసే ఆయన వున్నాడని చెప్పాడు. వెతుక్కుంటూ వెళ్ళాము. బోర్డు లేదు. ఒక బల్ల, ఒక దీపం, బూతద్దం, గోడకు తగిలించిన ప్రాణం లేని ల్యాప్‌టాప్ తెరలు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. అమ్మాయి చెప్పింది విని ఆయన మొదట అడిగిన ప్రశ్న, ఆ పొద్దుటినుంచి ఎవరూ అడగనిది.

"పాత కార్డు నంబరెంతమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన తలూపి, "అది రాదు" అని, ల్యాప్‌టాప్ మోడలు ఏదని అడిగాడు. కొన్ని కంపెనీల పాత మోడళ్ళలో తాము ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి పెడితే యంత్రం మొరాయించి అసలు లేవనే లేవదట. మాది ఆ కోవలోది కాదని తేల్చుకొని, బల్లకింద నుంచి ఒక బిస్కట్ల డబ్బా తీశాడు. అందులో చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన కార్డులు యాభై దాకా వున్నాయి. వేళ్ళతో చింతగింజలు కలిపినట్టు కలిపి ఒకటి పైకి తీశాడు. ఇంటెల్ 8265. ఇంటిపేరు 8086, పేరు 24ఎఫ్‌డీ. ఇది ప్రాసెసరు మీద ఆధారపడే రకం కాదు, లినక్స్‌లో ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్నది.

"మీరు చదువుకున్నది ఇదేనా?" అని అడిగాను.

"మా నాన్న ఆటోనగరులో లారీలకు వైరింగు చేసేవాడు గురువుగారూ. ఏ కంపెనీ బండి అయినా బానెట్టు ఎత్తితే తీగెలు కనపడేవి. ఏ తీగె ఎక్కడికి పోతున్నదో వెంటపడి పట్టుకునేవాడు. ఈ చిప్పులకు ఎత్తడానికి బానెట్టు లేదు. కనపడేది నంబరొక్కటే. అందుకని నంబరు చదవడం నేర్చుకున్నా."

ఇంతకంటె విపులంగా ఈ విషయం నాకు ఎవరూ చెప్పలేదు. ఆటోనగరు పేరు నిలబడింది మరమ్మతు పనిలో. అక్కడ కొత్త సామాను దొరకకపోతే పాతదాన్ని సానపట్టి బిగిస్తారు. ఇరవై ఏళ్ళ లారీ రోడ్డు మీద తిరుగుతున్నదంటే దాని లోపలి సంగతి మేస్త్రీకి తెలియడం వల్లనే. ఎనిమిదేళ్ళ ల్యాప్‌టాప్ మూలపడిందంటే దాని లోపలి సంగతి మనకు చెప్పకపోవడం వల్ల. రెంటికీ మధ్య ఇనుము, సిలికాను తేడా కాదు వున్నది. చెప్పడానికీ, చెప్పకపోవడానికీ వున్న తేడా.

ఆయన అడుగు మూత విప్పి, ముందు బ్యాటరీ తీగె ఊడదీశాడు. పాత కార్డుకు ఒక్కటే మర. దానికి తగిలించి నల్లది ఒకటి, తెల్లది ఒకటి సన్నటి తీగెలు. అవే గాలిలోని సందేశాన్ని పట్టే ఏంటెన్నాల తాలూకు తీగెలట. రవికెల టిచ్చు బటన్ల లాగా వాటి కొనలు కొత్త కార్డుమీద పెట్టి నొక్కితే టిక్కుమని కూర్చున్నాయి. మొత్తం పది నిమిషాలు. యంత్రం లేచింది. తెల్లగా వుండే చోట పక్క లాడ్జీ, ఎదుటి టైలరు, పై అంతస్తు ట్యూషను సెంటరు, ఎవరెవరి వైఫై పేర్లో వరసగా దిగాయి. అమ్మాయి ఒక్కమాట మాట్లాడలేదు. ఆ పేర్లను పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు చదువుకున్నది.

ఆయన ఆరువందలు అన్నాడు. నేను నాలుగువందలు అన్నాను. బెజవాడలో బేరమాడకపోతే అమ్మేవారికే మనమీద గౌరవం వుండదు. అయిదువందలకు తెగింది. పాత కార్డును యాభై రూపాయలకు ఆయనే తీసుకొని డబ్బాలో వేశాడు.

"దీనికీ ఒక బేరం వస్తుంది గురువుగారూ. విండోసు వాళ్ళకు భేషుగ్గా పనిచేస్తుంది" అన్నాడు.

తిరుగుబండికి వేళ వుండడంతో బ్యారేజి దాకా వెళ్ళాము. అక్కడ అమ్మాయి ఒక సంగతి చెప్పింది. నేను దాన్ని దాచిపెడితే ఈ వ్యాసం సగం నిజమే అవుతుంది. ఆ కొత్త కార్డు కూడా పూర్తిగా విప్పి చెప్పినది కాదు. దుబాసీ మనవాడే, ఆ డ్రైవరు మూలం ఎవరైనా చదువుకోవచ్చు. కాని కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వుంటుంది. దాన్ని కంపెనీ మూటకట్టే ఇస్తుంది. పంచుకోవచ్చు గాని విప్పి చూడటానికి వీల్లేదు. ఇట్లాంటి మూటలను డెబియన్ వారు చాలాకాలం తమ ముఖ్య పళ్ళెంలో వడ్డించలేదు. అందువల్ల కొత్తవాళ్ళకు ఎక్కించేటప్పుడే వైఫై రాక ఇబ్బందిగా వుండేది. చివరకు 2022లో వాళ్ళలో వాళ్ళు ఓట్లు వేసుకొని, మూటలను విడిగా పేరుపెట్టి కలుపుకోవడానికి ఒప్పుకున్నారు. 2023 జూనులో వచ్చిన డెబియన్ 12 నుంచి అట్లా ఇస్తున్నారు. అది రాజీయే అని కొందరు నేటికీ ఒప్పుకోరు. వాళ్ళ మాటలోనూ న్యాయం వుంది. ఎందుకంటే మూట విప్పిన కార్డులూ లోకంలో లేకపోలేదు. ఇందాక చెప్పిన ఎథెరోస్ 9271కు లోపలి ఫర్మ్‌వేర్ మూలాన్ని కూడా 2013లో బయటపెట్టారు.

"అయితే నీకు ఇది సమ్మతమేనా?" అన్నాను.

"సోమవారానికి సమ్మతమే మామయ్యా. ఎప్పటికీ కాదు" అంది.

కింద నీళ్ళు తలుపుల దగ్గర ఆగి, తూర్పు కాలవలకూ పడమటి కాలవలకూ వంతులు వేసుకుంటున్నాయి. ఇక్కడ 1855లో పూర్తయిన ఆనకట్టకు 1952లో గండిపడింది. డెల్టా బీడుపడిపోతుందేమోనని జనం గుండెలు చేతబట్టుకున్నారు. 1957 నాటికి ఈ బ్యారేజి లేచింది. తెగినచోట మళ్ళీ కట్టుకోవడం ఈ ప్రాంతానికి అలవాటే.

ఇట్లాంటి అవసరం పడినవారు తిప్పలు పడకుండా మాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. లినక్స్‌ను ఎక్కించకముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి చూడవచ్చు. అందులో వైఫై పేర్లు కనపడితే మీకు ఏ చింతా లేదు. కనపడకపోతే కార్డు రెండు సంఖ్యలూ కాగితం మీద రాసుకోండి. బజారులో కంపెనీ పేరు కాక చిప్పు పేరూ, కూర్పు సంఖ్యా అడగండి. పెట్టె మీద లినక్స్ అన్న మాట చూసి మురిసిపోక, ఏ కెర్నెలో చదవండి. డ్రైవరు కెర్నెల్‌లోనే వున్న చిప్పును ఎన్నుకుంటే ప్రతి మార్పుకూ మళ్ళీ మొదటికి రాదు. మీ ల్యాప్‌టాప్ వేరే కార్డును ఒప్పుకుంటుందో లేదో ముందే విచారించండి. అంతవరకూ పని జరగాలంటే ఫోనూ, ఒక యూఎస్‌బీ తీగే చాలు.

సోమవారం పొద్దున అమ్మాయి ఇంటర్న్‌షిప్పు వేళకు మొదలయింది. బావగారి ఫోను బావగారితోటే చెరువుకు వెళ్ళింది. ఆ వారాంతాన కాలేజీలో కంప్యూటరు గది తలుపుకు ఒక కాగితం అంటించి వుండటం చూశాను. పైన ల్యాప్‌టాప్ మోడలు, దాని కింద పనిచెయ్యని కార్డు రెండు సంఖ్యలు, పనిచేసిన కార్డు రెండు సంఖ్యలు, ధర, గవర్నరుపేట సందుకు దారి. మా మేనకోడలి దస్తూరీయే. కింద ఖాళీ వదిలి, మీ కార్డు సంగతి కూడా రాయండని వుంది. నేను చూసేసరికి వేర్వేరు సిరాలతో మరో మూడు వరసలు చేరివున్నాయి.